బంగార్రాజుగారి సాక్ష్యం

బంగార్రాజుగారి పెద్దకర్మ నాడు ఊరంతా ఆయన గురించే మాట్లాడుకుంది. "సొంత పెదనాన్న కొడుకు మీదే నిజం చెప్పిన మనిషండి. ధర్మరాజండి." పందిట్లో ఎవరి పక్కన కూర్చున్నా అదే మాట. నేను ఓ మూల విస్తరి ముందు కూర్చుని అన్నీ విన్నాను. ముద్ద దిగలేదు. చచ్చిపోయినవాడి మీద కూడా ఈర్ష్య ఏంటని మీరు నవ్వొచ్చు. నలభై ఏళ్ళ నాటి మంట అది, మనిషి పోయినంత మాత్రాన చల్లారదు. ఎందుకో చెబుతాను. నాకు గబగబా చెప్పడం రాదు, నిదానంగా వినాలి.

అప్పటికి గోదారికి ఆనకట్ట కట్టి ముప్పై ఏళ్ళయింది. రావులపాలేనికి దిగువన గౌతమి ఒడ్డున మా ఊరు. ఊరి మధ్య కోట, కోటలో జగ్గరాజుగారు. మేం రాజాగారు అనేవాళ్ళం. అన్నగారు జ్వరంతో పోతే ఎస్టేటు ఈయన చేతికొచ్చింది. మొదటి ఏడాది బాగానే ఉన్నారు. తర్వాత ఏమైందో గానీ ఎవరిని చూసినా అనుమానమే. కోట ముందు పెళ్ళి మేళం ఆగకపోతే తప్పు. గొడుగు ముడవకపోతే తప్పు. వల వెయ్యాలంటే కోట నుంచి సెలవు రావాలి. ఎదురు చెప్పినవాణ్ణి మిట్టమధ్యాహ్నం ఏటి నడుమ ఇసుకతిన్నె మీద చెప్పులు లేకుండా దింపి పడవ తీసుకొచ్చేసేవారు. ఆ పడవ నడిపినవాణ్ణి నేనే. రాజాగారి బోటుకి ఎనిమిదేళ్ళు నేనే చుక్కాని పట్టాను. ఆ ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఓయ్ చుక్కానీ" అనేవారు, అంతే. అయినా నాకది గొప్పగానే ఉండేది. తిన్నె మీద అరికాళ్ళు కాలి గంతులేసేవాళ్ళను చూసి కూడా నాకు గొప్పగానే ఉండేది. ఇది ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను మంచివాణ్ణి అనుకోకండి.

బోటులో రాజాగారి కుడివైపు చోటు బంగార్రాజుగారిది. రాజాగారి పినతండ్రి కొడుకాయన. పొడుగ్గా, పచ్చగా, మెత్తగా మాట్లాడే మనిషి. జన్మలో ఒకరిని అరే తురే అని కసరలేదు. ఆయన గురించి ఊళ్ళో ఒక మాట ఉండేది: బంగార్రాజుగారు మజ్జిగ తాగిన ఇంటికి మర్నాడు శని వస్తుందని. ఎందుకంటే రాజాగారికి ఎవరి మీద కోపమొచ్చినా, కోట మనుషులు వెళ్ళే ముందురోజు బంగార్రాజుగారు ఆ ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చునేవారు. పిల్లల్ని అడిగేవారు, పాడి గురించి అడిగేవారు, చెంబెడు మజ్జిగ తాగి వచ్చేసేవారు. ఇల్లు చూసి రావడానికి వెళ్ళారని కొందరు, "జాగ్రత్తరా" అని చెప్పకుండా చెప్పడానికి వెళ్ళారని కొందరు. ఆ ఒక్క రోజులో ధాన్యం దాచుకుని బయటపడ్డవాళ్ళూ ఉన్నారు. అందుకని ఆయన్ను తిట్టడానికీ ఎవరికీ నోరు రాలేదు, పొగడడానికీ రాలేదు.

మా కోటకొక వాడుక ఉండేది. ఆషాఢంలో ఎర్రనీరు తగిలాక ఎస్టేటులో పడ్డ తొలి పులస కోటకే పోవాలి. మట్టి దాకలో పులుసు పెట్టి ఒక రాత్రి అలా ఉంచేస్తారు, మర్నాటికి గాని ఆ పులుసుకు రుచి రాదు. పొద్దున్నే రాజాగారు తిని, తల ముక్కా పొట్ట ముక్కా దాకలో మిగిల్చి, తనకు అందరికన్నా దగ్గరి మనిషి ఎవరో వాళ్ళింటికి పంపిస్తారు. దాక మోసేది బోటు చుక్కాని పట్టేవాడే. ఆ పొద్దున వీధి అరుగులన్నీ నిండిపోయేవి. దాక ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో చూడ్డానికి. ఎనిమిదేళ్ళూ అది బంగార్రాజుగారి గుమ్మం ముందే ఆగింది.

తొమ్మిదో ఏడు బుజ్జిబాబుగారు వచ్చారు. రాజాగారి రెండో భార్య తమ్ముడు. ఇరవై రెండేళ్ళు. రాజమహేంద్రవరంలో ఇంగ్లీషు చదువుకున్నాడు. పేపరు చదివి రాజాగారికి అర్థం చెప్పేవాడు, నవ్వించేవాడు. రాజాగారు నవ్వగా మేం అప్పుడే చూశాం. నెల తిరక్కుండా బోటులో కుడివైపు అతను కూర్చున్నాడు. బంగార్రాజుగారు ఎడమకు జరిగారు. జరిగి, "ఇటువైపు గాలి బాగుందండీ" అన్నారు. చుక్కాని దగ్గర నిలబడ్డ నాకు ఆయన చెవులు మాత్రమే కనబడేవి. ఎర్రగా ఉన్నాయి.

ఆ ఆషాఢం దాక నా నెత్తిన పెడుతూ వంటవాడు, "ఈసారి బుజ్జిబాబుగారి విడిదికిరా" అన్నాడు. విన్నాను. విని "ఆయ్" అన్నాను కూడా. కోట గుమ్మం దిగాను, వీధి మలుపు తిరిగాను. ఎనిమిదేళ్ళు నడిచిన కాళ్ళు నడిచినట్టే నడిచాయి. వెళ్ళి బంగార్రాజుగారి గుమ్మం ముందు ఆగాను. ఆయన భార్య వరహాలమ్మగారు తోమిన గిన్నెతో వాకిట్లోనే ఉన్నారు. "రాదేమో అనుకున్నాం వెంకన్నా" అని దాక అందుకున్నారు. ఆవిడ కళ్ళు చూస్తే తప్పు జరిగిందని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

ఆకు వేశారు. బంగార్రాజుగారు పీట మీద కూర్చున్నారు. అప్పుడు మా పేటలోని బుల్లియ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. నాకన్నా ఆరేళ్ళు చిన్న, బుజ్జిబాబుగారి వెనక తిరుగుతుండేవాడు.

"ఓరి వెంకన్నా! ఎవరింట్లో పెట్టావురా దాక? అక్కడ బుజ్జిబాబుగారు ఆకేసుకుని కూసున్నారు!" అని వీధంతా వినబడేలా అరిచాడు.

అరుగుల మీద ఎవరో కిసుక్కుమన్నారు. వరహాలమ్మగారు లోపలికి వెళ్ళిపోయారు. బంగార్రాజుగారు పీట మీంచి లేచి, దాక తన చేత్తోనే తెచ్చి బుల్లియ్య చేతికిచ్చారు. నవ్వుతూనే ఉన్నారు.

"తీసుకెళ్ళు నాయనా. వెంకన్న తప్పేం లేదు. పెద్దవాళ్ళకి పెట్టాకే చిన్నవాళ్ళకి పెట్టాలనుకున్నాడు."

ఆ మాట కోటకి చేరింది. మర్నాడు చుక్కాని బుల్లియ్య చేతికి పోయింది. నన్ను బోటు ముందువైపుకి పంపి గడ ఇచ్చారు. ఇంటికొస్తే మా లోవమ్మ ఊరుకుంటుందా?

"చుక్కాని తిప్పడం వచ్చినోడికి కాళ్ళు తిప్పుకోడం రాలేదా? పులుసు దాకతో పదవి పోగొట్టుకున్న మొగాణ్ణి నిన్నే చూశాను మావా."

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. పొద్దస్తమానం ముందు నిలబడి గడ వేస్తున్నా, నా కళ్ళు వెనక్కే పోయేవి, బుల్లియ్య చేతుల మీదికి. వాడు బాగా నడిపితే ఒళ్ళు మండేది. ఎప్పుడైనా బోటు ఒడ్డుకి రాసుకుంటే ఆ పూట నాలుగు ముద్దలు ఎక్కువ తినేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒకసారి బంగార్రాజుగారు చిన్న పడవ సిద్ధం చేయించి నన్ను రమ్మన్నారు. ఏటి మధ్యకు వచ్చాక, "వెంకన్నా, మనిద్దరం ఒక్క దాకతోనే పోయాంరా" అని నవ్వారు. మనిద్దరం అన్నారు. అంతటి మనిషి నన్ను తనలో కలుపుకుని మాట్లాడారు. ఆ ఒక్క మాటకి ఆయన ఏటిలో దూకమన్నా దూకేవాణ్ణి.

ఆ పడవ అమ్మగారి లంకకి వెళ్ళింది. రాజాగారి అన్నగారి భార్య మహాలక్ష్మమ్మగారి భరణం ఆ లంక. ముప్పై కొంపలు, అరటి, పొగాకు. ఏటికి ఎదురుగా మట్టిగట్టు. వరదొస్తే ఆ గట్టే దిక్కు. రాజాగారికి ఆ లంక కావాలి. ఆవిడ ఇవ్వనంది. కోర్టుకి వెళ్దామని బుజ్జిబాబుగారు అంటున్నారని అందరికీ తెలుసు. బంగార్రాజుగారి మనసులో ఏముందో మాత్రం ఎవరికీ తెలీదు.

మహాలక్ష్మమ్మగారు అరుగు మీద చాప వేయించారు. బంగార్రాజుగారు కుశలం అడిగారు. తర్వాత ఆవిడతో పాటు గట్టు మీద నడిచారు. మామిడిచెట్టు దగ్గర ఆగి చేతికర్రతో గుచ్చి చూశారు. కర్ర జానెడు దిగింది.

"ఇక్కడ మెత్తగా ఉంది వదినగారూ."

"ఎలకలు తవ్వాయి మరిదిగారూ. వాన తగ్గాక మట్టేయిస్తాను."

"ఈ వరద పెద్దదంటున్నారు. నాలుగు రోజులు రాజమహేంద్రవరంలో మీ పుట్టింటికి వెళ్ళి రాకూడదా?"

"నేను వెళితే వీళ్ళందరూ ఎక్కడికెళతారు?" అందావిడ. తర్వాత మజ్జిగ చెంబు తెచ్చి ఆయన చేతికిచ్చి, "తాగండి. తాగితే రేపేమొస్తుందో నాకూ తెలుస్తుంది" అంది.

ఆయన చెయ్యి చెంబు మీదే ఆగిపోయింది. అయినా తాగారు.

మర్నాడు మధ్యాహ్నం కుండపోత. ఏరు గట్టు అంచుకి జానెడు కిందుంది. బంగార్రాజుగారు తాటాకు గొడుగు వేసుకుని రేవుకొచ్చారు.

"రాజాగారి హుకుం వెంకన్నా. మామిడిచెట్టు దగ్గర, నిన్న నేను కర్ర గుచ్చిన చోట."

నాకర్థమైంది. అర్థమయ్యాక నేనడిగిన మాట వినండి. అక్కడ మనుషులున్నారు కదండీ అని కాదు. "బుల్లియ్యకి చెప్పలేదా అండీ?" అని అడిగాను.

"ఇది బుల్లియ్య వల్ల అయ్యే పనా? నువ్వు నా మనిషివి. పంట మునుగుతుంది, జనం మెరకెక్కుతారు, ఎవరికీ ఏం కాదు. ఇది అయిందంటే చుక్కాని మళ్ళీ నీది, కుడివైపు మళ్ళీ నాది."

పార తీసుకుని వెళ్ళాను. వానకి అందరూ ఇళ్ళలో ఉన్నారు. గట్టుకి గండి కొట్టడం పెద్ద పనేం కాదు. చేరెడు కాలవంత తీశాను, మిగతాది గోదారే తవ్వుకుంది. పడవ దగ్గరికి పరిగెత్తి వెనక్కి చూస్తే మామిడిచెట్టు లేదు.

జనం మెరకెక్కారు. అప్పాయమ్మ ఎక్కలేదు. చాపలు అల్లుకునే గుడ్డి ముసలమ్మ, మా లోవమ్మకి వరసకి పెద్దమ్మ. నీళ్ళొస్తున్నాయని అరిస్తే ఇంట్లోంచి వచ్చి, తప్పు వైపుకి నడిచిందట. రెండో రోజు రెల్లుపొదలో దొరికింది. లోవమ్మ ఏడుస్తుంటే పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఆ చేతులతోనే.

మూడో రోజు కోటలో రాజాగారు సంతోషంగా ఉన్నారు. సభ మధ్య తన భుజం మీది జరీ శాలువా తీసి బుజ్జిబాబుగారికి కప్పారు. "బుద్ధంటే ఇదయ్యా! కోర్టన్నాడు, దావా అన్నాడు, అందరినీ అటు చూడమన్నాడు. ఇటు పనైపోయింది" అన్నారు. బుజ్జిబాబు కాదనలేదు. ఉపాయం తనది కాదని అతనికి తెలుసు, రాజాగారికీ తెలుసు. అయినా ఇవ్వాలనుకున్నవాడికి ఇచ్చారు. మెట్ల దగ్గర నిలబడి నేను స్తంభం పక్కనున్న బంగార్రాజుగార్ని చూశాను. ఆయన ఆ శాలువాని చూస్తున్నారు. ఆకలిగొన్నవాడు పక్కవాడి విస్తరి వైపు చూసినట్టు చూస్తున్నారు. తర్వాత అందరితో పాటు, "భేష్" అన్నారు.

నా చుక్కాని సంగతి ఆయనకి గుర్తే లేదు. రేవులో బోటు వెనక బుల్లియ్యే ఉన్నాడు.

మర్నాడు తెల్లారగానే బంగార్రాజుగారు నన్ను పిలిచి కాలవ పడవ సిద్ధం చెయ్యమన్నారు. రాజమహేంద్రవరం ప్రయాణం. సగం దారిలో కళ్ళు తుడుచుకుని, "అప్పాయమ్మ కేక చెవుల్లో మోగుతోందిరా. ఇంక ఓర్చుకోలేను. సబ్‌కలెక్టరు దొరతో చెప్పేస్తాను. ధర్మం అనేది ఒకటుంది" అన్నారు.

నేను గడ వేస్తూ అనుకున్నాను: ముసలమ్మ పోయి మూడు రోజులైంది. మూడు రోజులు వినబడని కేక శాలువా చూశాక వినబడిందా అని. పైకి మాత్రం "చిత్తం" అన్నాను. ఒకటి మాత్రం చెప్పాలి. ఆయన కంట నీళ్ళు నిజమే. అది దొంగ ఏడుపు కాదు. అందుకే ఆ మనిషి నాకు ఇప్పటికీ అంతు చిక్కడు.

కార్తీకమాసంలో దొర వచ్చి మా ఊరి ఇసుకలో డేరా వేశాడు. ఊరూరి నుంచి జనం. ఒకవైపు రాజాగారు కుర్చీలో, పక్కన బుజ్జిబాబు, వెనక బుల్లియ్య గొడుగు పట్టుకుని. ఇంకోవైపు తెర చాటున మహాలక్ష్మమ్మగారు. నన్ను పార పట్టినవాణ్ణని ముందే పట్టుకొచ్చి జవాను పక్కన నిలబెట్టారు. లంక మీంచి పరిగెత్తుతుంటే ఎవరో చూశారు, నేనూ కాదనలేదు.

బంగార్రాజుగారు తెల్లపంచె కట్టుకుని, చేతులు కట్టుకుని చెప్పారు. రాజాగారు ఎవరెవర్ని తిన్నె మీద దింపారో, ఎవరి పడవలు తగలబెట్టించారో ఒక్కొక్కటే చెప్పారు. గండి కొట్టమన్నది రాజాగారేనని, తన చెవులతో విన్నానని చెప్పారు. "నాకు నోరు లేకపోయిందండి. ఉప్పు తిన్నానండి. అయినా ముందురోజు లంకకి వెళ్ళి మా వదినగార్ని ఊరు వదిలి వెళ్ళమన్నానండి. అంతే చెయ్యగలిగాను" అని పైపంచెతో కళ్ళొత్తుకున్నారు.

దొరగారి గుమాస్తా తెర వైపు తిరిగి, ఆయన వచ్చి అలా చెప్పిన మాట నిజమేనా అని అడిగాడు.

"నిజమే. పుట్టింటికి వెళ్ళమన్నారు" అని మహాలక్ష్మమ్మగారి గొంతు వినబడింది.

జనంలో ఆడవాళ్ళు ముక్కులు చీదారు. "ధర్మరాజు బాబూ" అని ఎవరో అన్నారు. ఆ మాట పుట్టింది ఆ నిమిషంలోనే. నాకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది. పార పట్టిన నేను జవాను పక్కన, కర్ర గుచ్చినాయన ధర్మరాజు. ఆయన అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. చెప్పవలసింది ఒక్కటి వదిలేశారు, అంతే.

అప్పుడు రాజాగారి వకీలు నా దగ్గరికి వచ్చాడు. మద్రాసు తలపాగా, సన్నటి నవ్వు.

"నీకు హుకుం ఎవరు తెచ్చారు?"

వకీలు దేనికోసం తవ్వుతున్నాడో నాకు తెలిసింది. బంగార్రాజుగారు అంటే చాలు. గండికి అసలు దోషి ఆయనే అవుతారు, ఆయన సాక్ష్యం గాలికి పోతుంది, రాజాగారు దులుపుకుని లేచిపోతారు. అమ్మగారి లంక మళ్ళీ కోట నోట్లో పడుతుంది. చెప్పకపోతే ధర్మరాజు ధర్మరాజుగానే మిగులుతాడు.

"రాజాగారి హుకుమన్నారండి."

"అన్నదెవరు? ఎవరి నోట విన్నావు?"

నాలిక చివర ఉంది ఆ పేరు. అప్పుడు కుర్చీలోంచి రాజాగారు కొంచెం ముందుకి వంగారు.

"చెప్పు వెంకన్నా" అన్నారు.

వెంకన్నా అన్నారు. ఎనిమిదేళ్ళు చుక్కాని పట్టినా రాని పేరు. ఆయన కళ్ళలో నేనెన్నడూ చూడని దయ ఉంది. ఆ ఒక్క మాట చెబితే నేను ఆయన మనిషిని. చుక్కాని ఏంటి, కుడివైపు చోటే ఇచ్చేలా ఉన్నారు. దాచడం దేనికి, నా గుండె లేచి ఆయన కాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. చెప్పేద్దామనే నోరు తెరిచాను.

తెరిచి తలెత్తితే వెనక గొడుగు పట్టుకున్న బుల్లియ్య కనబడ్డాడు. రాజాగారు నన్ను పేరు పెట్టి పిలవడం వాడూ విన్నాడు. వాడి మొహం ముడుచుకుపోయింది. గొడుగు కర్ర మీద వేళ్ళు తెల్లబడ్డాయి. నేను నాలుగు నెలలుగా వాడి చేతుల్ని ఎలా చూస్తున్నానో వాడు నన్ను అలా చూస్తున్నాడు. చూస్తే నాకు ఏవగింపు పుట్టింది. వాడి మీద కాదు.

"వాన అండి. తాటాకు గొడుగు ముందుకి దించి ఉంది. మొహం కనబళ్ళేదండి" అన్నాను.

వకీలు పది రకాలుగా అడిగాడు. పది సార్లూ వాననే చెప్పాను. బంగార్రాజుగారు తల వంచుకునే ఉన్నారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కేసు రాజమహేంద్రవరంలో నడిచింది. రాజాగారు ఓడిపోయారు. ఎస్టేటు సర్కారు అజమాయిషీలోకి పోయింది. ఆయన కాశీ వెళ్ళిపోయారన్నారు. బుజ్జిబాబు శాలువాతో సహా వాళ్ళ ఊరు చేరాడు. లంక మహాలక్ష్మమ్మగారికే దక్కింది. ఎస్టేటు చూసుకోవడానికి నమ్మకమైన పెద్దమనిషి కావాలంటే అందరూ ఒక్క పేరే చెప్పారు. నాకు తొమ్మిది నెలలు జైలు. అప్పాయమ్మ ప్రాణానికి అది తక్కువే. లోవమ్మ ఒక్కసారే చూడ్డానికి వచ్చింది. చింతపండు పచ్చడి ఇచ్చి వెళ్ళింది.

బయటికి వచ్చాక మొదట అమ్మగారి లంకకే వెళ్ళాను. కొత్తగట్టు పోయిస్తున్నారు. మహాలక్ష్మమ్మగారి కాళ్ళ దగ్గర కూలబడి, హుకుం తెచ్చింది ఎవరో ఇప్పుడు చెబుతానమ్మా అన్నాను.

"ఏం చెప్తావురా? ఆయన కర్ర దిగిన చోటే గట్టు తెగింది. ఆ కర్ర దిగుతుంటే పక్కన నిలబడింది నేనే. నాకు తెలీదనుకున్నావా?"

"మరి ఆ రోజు తెర వెనక నుంచి ఆయన మంచివాడన్నట్టే చెప్పారు కదమ్మా?"

"వచ్చాడా అని అడిగారు, వచ్చాడన్నాను. వెళ్ళమన్నాడా అన్నారు, వెళ్ళమన్నాడన్నాను. ఆ మనిషి నన్ను కాపాడ్డానికొచ్చాడో, ముంచడానికొచ్చాడో నాకిప్పటికీ తెలీదు. ఆయనకీ తెలుసో లేదో. నాకు లంక కావాలి, సాక్షి కావాలి. సాక్షి మనసుతో నాకేం పని?" అని పార చూపించింది. "గట్టు కొట్టినవాడివి, గట్టు పొయ్యి. పోసింతర్వాత రేవులో పడవ నడుపుకో."

అలా ఆ రేవు నాదయింది.

ఒక ఏడాది గడిచింది. ఒక రోజు బంగార్రాజుగారు ఒంటరిగా వచ్చి నా పడవెక్కారు. తెల్లటి మల్లుపంచె, చేతికర్ర. పడవ ఏటి మధ్యకి వచ్చింది.

"ఎందుకు చెప్పలేదురా ఆ రోజు?" అన్నారు.

"ఏంటండీ?"

"నాకు తెలుసు, నీకు తెలుసు. నేను చెప్పానంటే నాకో కారణం ఉంది, అది నువ్వు చూశావు కూడా. నువ్వు నా పేరు ఎందుకు చెప్పలేదు? ఏం ఆశించావు?"

"ఏం ఆశించలేదండి."

"ఆశించకుండా తొమ్మిది నెలలు జైల్లో కూర్చుంటాడా ఎవడైనా? అడుగు. ఎస్టేటు బోటు ఉంది. చుక్కాని కావాలా?"

కావాలి. ఎంత కావాలో చెప్పలేను. అయినా, "వద్దండి. ఇక్కడ బాగానే ఉంది" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఆ చూపు నేనెరుగుదును. కోట స్తంభం పక్క నుంచి శాలువాని చూసిన చూపు అది. తనకి లేనిదేదో ఓ పల్లెవాడి దగ్గర ఉందని, అది ఎలా సంపాదించాడో తెలీడం లేదని చూశారు. నా దగ్గర ఏమీ లేదని ఆయనకి తెలీదు. బుల్లియ్య మొహం చూసి భయపడ్డానని, అంతకుమించి ధర్మం ఏమీ లేదని చెప్పొచ్చు. చెప్పలేదు. ఆయన నన్ను చూసి కుళ్ళుకోవడం నాకు ఎంత బాగుందో! పడవ మెల్లగా నడిపాను, ఇంకాసేపు చూడనీ అని.

ఒడ్డు వచ్చింది. కొత్తగట్టు మీద మట్టి పోస్తున్న నలుగురు ఆయన్ను చూసి పార్లు కింద పెట్టారు. "ధర్మప్రభువులొచ్చారు" అంటూ ఒకడు నీళ్ళలోకి దిగి చెయ్యందించాడు. ముసలివాడొకడు వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. అప్పాయమ్మ తమ్ముడు వాడు. పడవలో ఉన్నవాడి వైపు ఒక్కడూ చూడలేదు.

ఆయన దిగుతున్నారు. ఒక కాలు పడవలో, ఒక కాలు నీళ్ళలో. నేను పడవ వెనక్కి తిప్పుకోవాలి కదా, తెడ్డు వేశాను. కావలసిన దానికన్నా గట్టిగానే వేశాను. ఎర్రనీళ్ళు లేచి ఆయన మల్లుపంచె నడుం దాకా తడిసింది.